కొత్త దాణా సగటు

“గీ ఆర్ అనే లెక్కల ప్రోగ్రాంకు బుద్ధుందా మేడం? కొత్త దాణా పెట్టిన కోడిపిల్లల సగటు బరువెంతంటే తెల్వదంటాంది!” శామీర్‌పేట దాణా కంపెనీ మేనేజర్ దేవేందర్ కీబోర్డును ఠపీమని కొట్టాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు, అనుకుంటూ లెక్కలు చూసే శృతి మూతి విరిచింది.

“ఒక్క గడి ఖాళీగున్నా అది సగటు చెప్పదు సార్. ఖాళీలను వదిలెయ్యమని మనమే చెప్పాలె. గీ మాత్రం తెల్వదా?”

ప్రోగ్రాంకిచ్చే ఆదేశంలో చిన్న మాట చేర్చింది. తెరమీద సగటు పడింది. పాత దాణా కంటే ఎంతో మెరుగు.

“మస్తుంది! రేపే రావల్కోల్ రైతులకు ఈ దాణా పంపుదాం.”

“ఇంతకీ గా ఖాళీ గడుల పిల్లలను తూకం ఎందుకెయ్యలె సార్? మనోళ్లకు బద్ధకమా?” శృతి వెటకారంగా అడిగింది.

“కొత్త దాణా తిని సచ్చినయ్ కద మేడం. సచ్చినయాటిని ఏం తూకమేస్తం?”

శృతి నవ్వు ఆగిపోయింది. ప్రోగ్రాం వదలనని మొండికేసిన పిల్లలను తనే దగ్గరుండి లెక్కలోంచి వదిలేయించింది.

చేర్చిన మాటను చెరిపేసింది. సగటు మాయమై, తెలియదన్న జవాబే మళ్లీ వచ్చింది.

“మళ్ల ఖరాబైందా?” దేవేందర్ విసుక్కున్నాడు.

“లేదు సార్,” అంది శృతి. “అది మొదటి నుంచి నిజమే చెప్తాంది.”