ఎత్తు పెరిగిన సీటు

"పాత కారుకి ఈ అతుకులేంటే? సీటు ఒకదానిది, స్టీరింగ్ ఇంకోదానిది!" షెడ్డులోకి వస్తూనే తండ్రి అరిచాడు.

"అన్నీ ఒకే కంపెనీవి నాన్నా. తర్వాతొచ్చిన మోడళ్లవి ఇందులో ఇట్టే ఇమిడిపోయాయి," అంది మెకానిక్‌గా పనిచేసే కూతురు, చివరి బోల్టు బిగిస్తూ. "అమ్మా, ఎక్కు."

తల్లి డ్రైవర్ సీట్లో కూర్చుంది. కూతురు సీటు పక్కనున్న మీట నాలుగుసార్లు లాగి, స్టీరింగ్ కిందికి వంచింది. తల్లి ముఖం పైకి తేలింది.

"అమ్మబాబోయ్! బానెట్టు కనిపిస్తోందే! దాని ముందు నేల కూడా!" ఆమె ఆగకుండా హారన్ మోగించింది.

తండ్రి చెవులు మూసుకున్నాడు. "నేర్పిస్తానంటే ఇన్నేళ్లూ వద్దన్నావుగా! భయమనుకున్నాను."

"భయమేంటండీ? రోడ్డు కనపడేది కాదు. చెబితే నవ్వుతారని ఊరుకున్నా."

నలుగురిలో ఆమెని 'పొట్టి బుడంకాయ' అని పిలిచి నవ్వించిన రోజులన్నీ ఆయనకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

"క్లచ్ నొక్కి, మెల్లిగా వదులు."

కారు మూడుసార్లు గెంతి, షెడ్డు దాటింది. కూతురు ఈలలు వేస్తూ వెంట పరిగెత్తింది.

"గేటు దగ్గర ఆపెయ్యి," అన్నాడాయన.

"ఎందుకండీ? అవతలంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంటేనూ!"

"అయితే పోనీయ్," అన్నాడు ఆయన, బెల్టు బిగించుకుంటూ.