గొడుగు తర్వాత

"అమ్మ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే ఏమీ అనుకోవద్దు మేడం," అన్నాడు దర్శన్ గడప దగ్గరే గొంతు తగ్గించి.

వరూధిని తలూపింది. ఆనేకల్‌లో ఈ ఇంటికి ఆమె రావడం ఇది రెండోసారి. ఎనిమిది నెలల కిందట వచ్చినప్పుడు ఈ ఇంటి మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఇప్పుడు ఆ మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది.

"నేనే ఆపించినా మేడం. జ్ఞాపకశక్తి తగ్గుతా ఉండాదని మీరే కదా లెటర్ పంపించింది! కరెంటు మగ్గం. ఆపేది మర్చిపోతే చెయ్యి పోతాది. స్టవ్ కూడా ముట్టనీయం."

"డాక్టరుకి చూపించమని కూడా రాశాం కదండీ?"

"ఎంత బతిమాలినా రానంటాది. ఆ లెటర్ చదివి వినిపిస్తే మాత్రం ఎదురు చెప్పలేదు. సరేలే అనింది, లేచి మగ్గం ఆపేసింది."

లోపల చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న సొన్నమ్మ తలెత్తి చూసింది.

"ఎవురప్పా ఈ పాప?"

వరూధినికి ప్రాణం లేచొచ్చినట్టయింది. అమ్మయ్య, నిజంగానే మరిచిపోతోంది! అంటే తను రాసింది అబద్ధం కాదన్నమాట. మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. ఒక పెద్దావిడకు జబ్బుందని తెలిసి సంతోషపడేది కూడా ఒక మనిషేనా? ఛీ!

మగ్గాల హోరు ముసలివాళ్ళ జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందా అన్నది వరూధిని పరిశోధన. మెదడు మీద పనిచేసే కొత్త శాస్త్రవేత్తలకు ఒక ట్రస్టు ఐదేళ్ళ ఫెలోషిప్ ఇస్తుంది. దానికి దరఖాస్తు పెట్టాలంటే ముందుగా ఇరవైమంది నేతపనివాళ్ళను పరీక్షించి చూపించాలి. పరీక్ష చిన్నదే. ఐదు మాటలు చెప్పాలి: గొడుగు, అద్దం, ఏనుగు, సబ్బు, కిటికీ. పది నిమిషాలు ఆగి మళ్ళీ అడగాలి. పంతొమ్మిది మంది గడగడా ఒప్పజెప్పేశారు. ఇరవయ్యో మనిషి సొన్నమ్మ. ఆమెకు మాటలు చెప్పి, మగ్గం దగ్గరికి పంపి, వరూధిని అరుగు మీదికి వచ్చిందో లేదో, గైడ్ చంద్రశేఖర్ గారి ఫోను.

"అందరూ నార్మల్ అంటే ఇంక ప్రాజెక్ట్ ఎక్కడుందమ్మా? కమిటీ దేనికని ఫండ్ చెయ్యాలి?"

"ఈ ఫెలోషిప్ రాకపోతే నా ఉద్యోగం పోతుంది సార్. వయసు ప్రకారం నాకిదే ఆఖరి ఛాన్స్. ఒక్కరైనా మర్చిపోతారేమో చూస్తాను సార్..." అంటూనే భోరుమంది వరూధిని.

ఎంతసేపు బతిమాలిందో ఆమెకే తెలియదు. మధ్యలో ఎప్పుడో లోపల మగ్గం ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళేసరికి నలభై నిమిషాలు దాటింది.

సొన్నమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "గొడుగు..." అంది. అంతే, ఇంకో మాట రాలేదు.

నలభై నిమిషాలైంది కాబట్టి ఆ పరీక్ష చెల్లదని రాయాలి. వరూధిని పది నిమిషాలనే రాసింది. ఆ ఒక్క కేసుతోనే ఇంటర్వ్యూలో గట్టెక్కింది. పోయిన సోమవారం ఫెలోషిప్ వచ్చింది. ల్యాబులో అందరికీ స్వీట్లు పంచింది గానీ, ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సహించడం లేదు.

"హెబ్బగోడి ఫ్యాక్టరీలో షిఫ్టుకి టైమయింది. మీరు మాట్లాడుతా ఉండండి మేడం," అని దర్శన్ బయటికి నడిచాడు.

వరూధిని చాప మీద కూలబడింది. ఇంక దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"పెద్దమ్మా, నేను తప్పు చేశాను. ఆ రోజు పరీక్ష సరిగ్గా జరగలేదు. టైమ్ అబద్ధం రాశాను. మీ మగ్గం ఆగిపోవడానికి కారణం నేనే. ట్రస్టు వాళ్ళకి నిజం రాసేస్తాను."

సొన్నమ్మ అనపకాయల చేట పక్కకు జరిపింది. బయట దర్శన్ బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

"రాస్తే నీ పని పోతాది కదా?"

"పోతుంది."

"అయితే రాయొద్దులేమ్మా. మగ్గం లేకపోతే ఏమాయె, కూర్చుని తింటా ఉండాను కదా."

"అట్లా అనకండి, నాకు పాపం తగులుతుంది. ముందు పరీక్ష మళ్ళీ చేద్దాం. ఐదు మాటలు చెప్తాను, జాగ్రత్తగా వినండి..."

"మళ్ళీ చెప్పేదెందుకు? గొడుగు, అద్దం, ఏనుగు, సబ్బు, కిటికీ."

ఎనిమిది నెలల కిందటి మాటలు. వరస కూడా తప్పలేదు.

"మరి... ఆ రోజు ఒక్కటే చెప్పారెందుకు?"

సొన్నమ్మ చెయ్యి చాపి ఆమె తల నిమిరింది.

"నువ్వు అట్ల ఏడుస్తా ఉంటే, అన్నీ ఎట్ల చెప్పేదమ్మా?"