ఆకుపచ్చ అక్షరాలు

నా పేరు సూగమ్మ, వయసు డెబ్బై నాలుగు. రాయచూరు జిల్లాలో కరెంటు ప్లాంటు బూడిదగుంట పక్కనున్న వాడలో మా ఇల్లు. ఇంట్లో నేను, కంప్యూటరు పని చేసే మనుమరాలు సుమంగళ. పోయిన వారం దాకా నా పెనిమిటి కూడా ఉన్నాడు.

ఆయనకు ఊపిరాడక దవాఖాన వెబ్‌సైటులో ఆక్సిజన్ కోసం అర్జీ పెట్టాం. ‘అర్జీ అందింది, బండి వస్తుంది’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. సుమంగళ చదివితే విని, ఆయన్ని ఇంకెక్కడికీ తీసుకుపోకుండా రెండు రోజులు వాకిట్లో బండి కోసం కూర్చున్నాను. ఆయన పోయాడు.

అర్జీ తమకు చేరనేలేదన్నారు దవాఖానవాళ్లు. వెబ్‌సైటు చెడితే ఎర్ర అక్షరాలు రావాలట. జనం కొట్లాటకు వస్తున్నారని, చెడినా ఆకుపచ్చవే వచ్చేటట్టు చేయించారట. ఆ పని చేసిన చేతికి శిక్ష పడాలి.

ఆ చెయ్యే ఈ ఫిర్యాదు కాగితం రాస్తున్నది.

“అవ్వా, పైవాళ్లు చెయ్యమంటే చేసిన. మన అర్జీ పోలేదని నాకూ తెల్వదు. నా పేరొద్దవ్వా.”

“ఏడ్వకు, అచ్చరాలు చెదురుతయి. నువ్వన్న మాట గూడ రాయి. రాసినోళ్ల పేరు కింద పెట్టేది రివాజు.”

నిశానీ: సూగమ్మ వేలిముద్ర.
సాక్షి: సుమంగళ.
దస్తూరి: సుమంగళ.