తాబేళ్ళ లెక్క

“మూడు నెలలే పని. రోజూ తెల్లవారగానే నది ఒడ్డున ఏడు కిలోమీటర్లు నడిచి, తాబేళ్ళు గుడ్లు పెట్టిన గుంటలు లెక్కపెట్టాలి. మీ వయసుకి కష్టమండీ,” అంది పరిశోధకురాలు.

“నడుస్తాను మేడమ్. మిషన్ ముందు కూర్చునీ కూర్చునీ విసుగెత్తింది,” దర్జీ నవ్వబోయాడు.

“ఇదివరకు ఈ పని చేశారా?”

“మా అమ్మాయి చేసింది. పోయినేడాది, మీ దగ్గరే.”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఆ పిల్ల తన విద్యార్థినే. పరిశోధన సగంలో ఉండగానే జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

“రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ‘నాన్నా, ఇవాళ ఇన్ని గుంటలు’ అని చెప్పేది. నేను బట్ట కుట్టుకుంటూ, ‘సరేలే, పెళ్ళి మాటేం చేశావ్?’ అనేవాణ్ణి. ఇప్పుడెంత బుర్ర బద్దలుకొట్టుకున్నా ఒక్క అంకె కూడా గుర్తు రావట్లేదమ్మా.”

ఆమె ఇంకేమీ అడగకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టింది. బీరువాలోంచి ఆ పిల్ల రాసిన రిజిస్టరు తీసి, మొదటి పేజీ తిప్పి చదివింది.

“మార్చి నాలుగు. మూడు గుంటలు.”

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“మూడా తల్లీ! ఎక్కడ కనబడ్డాయి?”