గీత దిగాలి

"మళ్ళీ పైకే పోయిందమ్మా దరిద్రపు గీత!"

శ్రీహరి గారు మౌస్‌ని విసిరికొట్టినంత పని చేశారు. ఆయన కుర్చీ వెనకాల నిలబడ్డ ప్రసన్నలక్ష్మి తెర వైపు వంగి చూసింది. బయట బందరు ఎండ మండిపోతోంది. యూనివర్సిటీ ల్యాబులో ఏసీ ఉందంటే ఉంది.

కంప్యూటర్ తెర మీద ఒక గాజు గొట్టం. నిజం గొట్టం కాదు, లెక్కల గొట్టం. అందులో ఆర్గాన్ వాయువు నింపి, రెండు పలకల మధ్య కరెంటు పెడితే అది ఊదారంగులో వెలిగి ప్లాస్మా అవ్వాలి. ఆ ప్లాస్మాతో రోల్డుగోల్డు నగలకు చెదరని పూత వెయ్యొచ్చన్నది థీసిస్. లెక్క కుదిరేకొద్దీ, తప్పును చూపే గీత కిందికి దిగాలి. వారం నుంచీ అది తాటిచెట్టెక్కి కూర్చుంది.

నాలుగింటికి ఢిల్లీ నుంచి ఎగ్జామినరు ఆన్‌లైన్లోకి వస్తారు. పుట్టింది గుడివాడలోనే అయినా, మనవాళ్ళు కదా అని జాలిపడే రకం కాదు. యూనివర్సిటీ ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచింది, ఇక పెంచనంది. ఇవాళ ఈ లెక్క చూపించకపోతే పీహెచ్‌డీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇన్నేళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే.

అటెండరు బాబ్జీ టీ తెచ్చాడు.

"మేడం గారు పొద్దుట్నుంచీ ఏం తిన్లేదండి. మీరైనా చెప్పండి సార్."

"గీత దిగాక తింటాలే బాబ్జీ" అంది ప్రసన్నలక్ష్మి.

అతను వెళ్ళాక శ్రీహరి గారు గొంతు తగ్గించారు. "అమ్మా, ఓ పని చేద్దామా? తప్పు ఎంతవరకూ ఉండొచ్చో ఆ హద్దు కాస్త పెంచేద్దాం. కుదిరినట్టే కనబడుద్ది. ఎవరు చూడొచ్చారు?"

"వద్దు సార్." ఆమె గొంతులో మెత్తదనం పోయింది. "పట్టా రాకపోతే రాకపోయింది. దొంగలెక్క నాకొద్దు."

ఆయన తల దించుకున్నారు. ఇంత వయసొచ్చి ఆ మాటెలా అన్నానా అని నిజంగానే సిగ్గేసింది.

"లెక్క పేలేది ఎక్కడ సార్?" అమాయకంగా అడిగింది ప్రసన్నలక్ష్మి.

"నెగటివ్ పలక పక్కనే. అక్కడ ఎలక్ట్రాన్ల లెక్క సున్నా కంటే కిందికి పోతోంది. ఉంటే ఉన్నాయనాలి, లేకపోతే లేవనాలి. మైనస్ ఎలక్ట్రాన్లేంటమ్మా, చోద్యం కాకపోతే!"

"గొట్టాన్ని గళ్ళుగా విడగొట్టి కదా లెక్క కడుతున్నాం, పలక దగ్గర ఆ గళ్ళు చిన్నవి చేశాం కదా?"

"చేశాం. కాస్త దూరం నడిచి మళ్ళీ పేలింది."

"మొదటి అడుగులో ఓల్టేజీ ఎంత సార్?"

"ఆరొందలు."

"దానికి ముందు?"

"ముందేముంటుంది? సున్నా. ప్రశ్న మీద ప్రశ్న వేసి చంపుతావేంటమ్మా, నేనసలే..."

ఆయన ఆగిపోయారు. కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"సున్నా నుంచి ఒక్క గెంతున ఆరొందలు! కాలవకి నీళ్ళొదిలేటప్పుడు లాకు తలుపులన్నీ ఒకేసారి ఎత్తేస్తే గట్టు తెగిపోదూ? అదే చేశాం మనం!"

ఇక ఆయన వేళ్ళు ఆగలేదు. గొట్టంలో ముందుగా కాసిన్ని ఎలక్ట్రాన్లు వేశారు. తక్కువ ఓల్టేజీతో మొదలుపెట్టి, అక్కడ కుదిరిన జవాబునే తర్వాతి మెట్టుకి పునాదిగా ఇస్తూ, కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు.

గీత వణికింది. కాస్త దిగింది. ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తర్వాత బుద్ధిగా దిగడం మొదలుపెట్టి, ఆరొందల దగ్గర కూడా తడబడకుండా అడుక్కి చేరింది. తెర మీద ఊదారంగు వెలుగు విచ్చుకుంది.

"కుదిరింది!" శ్రీహరి గారి కేకకి బాబ్జీ పరుగెత్తుకొచ్చాడు. ప్రసన్నలక్ష్మి చల్లారిపోయిన టీని ఒక్క గుక్కలో తాగేసింది. అంత రుచైన టీ ఆమె జన్మలో తాగలేదు.

నాలుగింటికి మొదలైన ప్రశ్నలు ఆరైనా ఆగలేదు. అడ్డంగా అడిగినా, నిలువుగా అడిగినా జవాబుకి మాత్రం తడుముకోవాల్సి రాలేదు. చివరికి ఎగ్జామినరు తెర మీంచే చప్పట్లు కొట్టారు.

"భేష్! పట్టా ఇచ్చి తీరాల్సిందేనండీ. గైడ్ గారు ఏమైనా చెప్తారా?"

శ్రీహరి గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ప్రసన్నలక్ష్మి మైకు దగ్గరకి వంగింది.

"నా స్టూడెంటు, నాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పిన మాస్టారండీ!"