ఒక్క నంబరు మీద

వాన జాడ లేదు. ఎనిమిదికే ఎండ చురుక్కుమంటోంది. డోన్‌లో నాగరత్నమ్మ నెట్ సెంటర్ ముందు నాపరాళ్ల పాలిష్ పనివాళ్లు పంతొమ్మిది మంది నిలబడ్డారు. దాదాపు అందరికీ దగ్గే. కర్నూలులో ఊపిరితిత్తుల పరీక్షకు వాళ్ల ఫారాలన్నీ ఆన్‌లైన్‌లో ఆమే నింపింది. జాబితాలో పేరుంటేనే అక్కడికి తీసుకెళ్లే బస్సు ఎక్కనిస్తారు.

జాబితాలో ఒక్క పేరే ఉంది.

ఆ ఫారం వెనకాల జావా ప్రోగ్రాం రాసిన సాజియాది పక్క వీధే. కబురందగానే వచ్చింది.

"అక్కా, వీళ్లకు ఏ ఫోన్ నంబరు వేసినావు?"

"వీళ్లకు ఫోన్లు యాడుండాయిమే? అందరికీ నాదే కొట్టినా. సెంటర్లలో అందరం చేసేదదే గదా."

సాజియా గోడకానుకుంది. ఒకే నంబరుతో మళ్లీ ఫారం వస్తే, ఆ మనిషే తప్పు దిద్దుకుంటున్నాడని లెక్క. పాతది చెరిపి కొత్తది ఉంచాలి. అలా రాసింది తనే.

"ప్రతిసారీ 'మీ ఫారం అందింది' అనే చూపించె గదమ్మా!"

"అందినాయక్కా. అన్నీ అందినాయి."

"అయితే ఇప్పుడు ఎక్కించు."

"నిన్ననే జాబితా మూసేసినారు. నా చేతిలో లేదు."

జాబితాలో మిగిలింది ఆఖరి ఫారమే. ఆ మనిషి పనిలో చేరి నెల కూడా కాలేదు, దగ్గింకా మొదలే కాలేదు. తొమ్మిదిన్నర బస్సులో అతనొక్కడే వెళ్లాడు.