పసుపు మెట్ల మీద మూడో మనిషి

"కదలకు నాయనా! ఇంకొక్కసారి చూడనీ."

కసిల్దమ్మ అప్పటికి మూడుసార్లు చూసింది ఆ పిక్కని. పంటి గాటు లేదు, చిరిగింది ప్యాంటు మాత్రమే. అయినా నమ్మకం కుదరక, కళ్ళద్దాలు సర్దుకుని నాలుగోసారి వంగింది.

"ఏం లేదమ్మా," అన్నాడు బుస్తియ్యో. నడుముకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. తెల్లచొక్కా, టై, గుండె మీద 'ఎల్డర్ బుస్తియ్యో' అన్న నల్లటి పేరుబిళ్ళ. పెద్దరికమంతా ఆ బిళ్ళలోనే ఉంది, వయసు పంతొమ్మిదే. మోర్మన్ చర్చి సేవకని హోండురాస్ నుంచి లిమాకి వచ్చి ఐదు వారాలు. రెండేళ్ళుండాలి. ఈ కొండవాడకి వచ్చి రెండో రోజు.

"ఏం లేదంటావేం? ఆ పసుపు రంగు మెట్లెక్కొద్దని నిన్ననే మొత్తుకున్నానా? అక్కడి కుక్కలు మనిషిని కాదు, టైని చూసి మీద పడతాయి. ఆ చెవి తెగినదైతే మరీను."

"పైన ఇళ్ళున్నాయి కదమ్మా. ఎవరో ఒకరు వెళ్ళాలిగా," అన్నాడు లార్సెన్. బుస్తియ్యోకి జతగాడు, ఆరడుగుల పొడుగు. ఈ మిషనరీలు ఎక్కడికెళ్ళినా ఇద్దరుగానే వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనం మాత్రం రోజూ కసిల్దమ్మ ఇంట్లో.

ఆమె ప్యాంటు కుట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. మధ్యలో ఉన్నది పల్చటి చెక్కగోడ. బుస్తియ్యో గొంతు తగ్గించాడు.

"సోమవారం అమ్మకి ఫోన్ చేస్తాను కదా, అప్పుడు చెప్పేస్తాను. నావల్ల కాదు. ఇంటికెళ్ళిపోతాను."

"ఒక్క కుక్కకే?"

"ఒక్కటి కాదు. ఎనిమిది."

వంటింట్లో కత్తెర కింద పడిన చప్పుడైంది.

బుధవారం సూపు గిన్నెలో గరిటె తిప్పి లార్సెన్ మొహం వేలాడేశాడు. "అమ్మా, ఈ ఆవుకి ఎముకలే లేవా? మూలుగ పీల్చకపోతే నాకు తిన్నట్టే ఉండదు."

"గొంతుకి అడ్డం పడితే? మీ అమ్మలకి ఏమని జవాబు చెప్పను? నోర్మూసుకుని తిను!" అని కసిరి, గోడ మీది ఫొటో వంక చూసింది. ఆమె కొడుకు హెబెర్, ఇలాంటి పేరుబిళ్ళే పెట్టుకుని, చిలీ దక్షిణాన ఎక్కడో చలిలో తిరుగుతున్నాడు. "వాడి గిన్నెలో ఎముకలెవరు తీస్తున్నారో ఏమో." తర్వాత బుస్తియ్యో వైపు తిరిగింది. "ఇవాళ ఏ దారిన వెళ్తారు?"

"పసుపు మెట్లే. ఎందుకమ్మా?"

"అటు తిరిగి ప్రార్థన చేసుకుంటాను. దేవుడికైనా దారి చెప్పాలిగా."

వాళ్ళు కింది సందులో ఒక ముసలాయనకి అరగంట చదివి వినిపించి మెట్ల దగ్గరికొచ్చారు. కొండ మీంచి మంచు దిగి పది మెట్ల పైన ఏమీ కనబడటం లేదు. బుస్తియ్యో ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. నలభయ్యో మెట్టు దగ్గర కుక్కలు. ఎనిమిదీ ఉన్నాయి, దారికి అటూ ఇటూ. ఒక్కటీ మొరగలేదు. చెవి తెగిన కుక్క లేచి వచ్చి, అతని బూటు వాసన చూసి, మూతి నాక్కుంటూ పక్కకి తప్పుకుంది.

బుస్తియ్యో మెట్లు లెక్కపెట్టడం మానేశాడు. భయంతో కాదు. ఆ మంచులో, ఆ నిశ్శబ్దంలో, తమకంటే ముందు ఇంకెవరో అటుగా నడిచినట్టే అనిపించింది.

గురువారం నీళ్ళ ట్యాంకు దారిన వెళ్ళారు. అక్కడి కుక్కలూ అంతే.

శుక్రవారం పసుపు మెట్ల చివర ఉన్ని అల్లుకునే ఆవిడ తలుపు తీసి అడిగింది. "ఇద్దరే వచ్చారేం? మీ మూడోమనిషేరీ?"

"మేమిద్దరమేనండీ."

"భలేవారే! మొన్నా ఇవాళా మీకంటే కాస్త ముందు వచ్చారుగా. మొహం కనబడలేదు, మంచులో తెల్లగా అలా కదిలారు. కుక్కలు కిక్కురుమనలేదు. దేవుడి మనిషి అనుకున్నాను."

లార్సెన్ వెనక్కి తిరిగి మంచులోకి చూశాడు. బుస్తియ్యో ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

ఆదివారం చర్చిలో లేచి నిలబడి అంతా చెప్పాడు. గదిలో చంటిబిడ్డలు కూడా ఊరుకున్నట్టయింది. వెనక బల్ల మీద తెల్ల శాలువా కప్పుకున్న కసిల్దమ్మ మాత్రం తుమ్ముల మీద తుమ్ములు. మూడురోజులుగా జలుబు.

సోమవారం ఆమె ఇంట్లోనే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తెర మీద తల్లి మొహం కనబడగానే తన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమైంది నాన్నా? ఒంట్లో బాగోలేదా? ఇంటికొచ్చేస్తావా?"

"లేదమ్మా. ఉంటాను, రెండేళ్ళూ ఉంటాను. అమ్మా, నువ్విక భయపడకు. నా ముందు దేవదూత నడుస్తున్నాడు."

అవతల తల్లి ఏడుస్తూ నవ్వింది. ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"విన్నారా కసిల్దమ్మా?"

"విన్నాను నాయనా." ఆమె కుంటుకుంటూ పొయ్యి దగ్గరికి నడిచింది. "మీ అమ్మ ఇవాళ హాయిగా నిద్రపోతుంది. పోనీలే, ఆ తల్లి అయినా. ఇంతకీ రేపు ఏ దారి?"

"మళ్ళీ పసుపు మెట్లేనమ్మా! ఇక భయమేముంది?"

ఈల వేసుకుంటూ వాకిట్లో ఉన్న లార్సెన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

కసిల్దమ్మ కుండలోని ఎముకలన్నీ ఏరి సంచీలో వేసుకుంది.